కిటికీ మూసే ముందు ఒక్క మాట, ఛైర్మన్ గారూ

మహారాజశ్రీ మా ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్ గారి దివ్య సముఖమునకు,

అనంతపురం నుంచి తూర్పు గ్యాలరీలో డప్పు కొట్టేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారో తెలియక కొంచెం కంగారుగా ఉన్నాం, అంతే.

'అభిమానులతో ముఖాముఖి, మూడు గంటలకు' అని కబురు పెట్టింది తమరే. ఈ ఊరి ఎండలో మూడు గంటలకు కుక్కలు కూడా అరుగు కింద నుంచి లేవవు. మేం లేచొచ్చాం. మూడున్నరకు "సార్ బయల్దేరారు" అన్నారు. నాలుగున్నరకు "సార్ క్లాక్ టవర్ దగ్గరున్నారు" అన్నారు. క్లాక్ టవర్ నుంచి ఆ హాలుకు కుంటుకుంటూ నడిచినా పది నిమిషాలు. అయిదున్నరకు కరెంటు పోయింది. ఆరింటికి తమరి పీఏ వచ్చి తలా ఒక మిక్చర్ పొట్లం పంచి, "మీ బాధలన్నీ సార్ నోట్ చేసుకున్నారు" అన్నాడు. ఏ బాధలు సామీ? మేమింకా నోరే తెరవలేదే! మిక్చర్‌లో ఒక్క శనక్కాయ పలుకు లేదు. అనంతపురంలో శనక్కాయలు లేని మిక్చర్ ఎక్కడ దొరికిందో, ఆ అంగడి పేరైనా చెప్పండి.

చిన్నాచితకవి అడగను. టికెట్ ధర పెంచారు, సరే. మరుగుదొడ్డికి తాళం వేశారు, బిగబట్టుకున్నాం. కొత్త స్ట్రైకర్ వచ్చాడని సప్తగిరి సర్కిల్‌లో కట్టించిన ఫ్లెక్సీలో తమరి ముఖం నిలువెత్తు, ఆటగాడిది పాస్‌పోర్టు సైజు. అదీ మంచికేలెండి, ఆయన మోకాలి పట్టీ కనపడలేదు.

పదకొండో నంబరు పిల్లోడి సంగతి మాత్రం వదల్లేను.

ఉగాది నాడు మైకు పట్టుకుని "వాడు నా కొడుకులాంటోడు, యాడికీ పోడు" అన్నది మీరే. ఆ మాటకు నేను వేసిన దరువుకు డప్పు తోలు చినిగింది. నెల తిరక్కుండా కొడుకును అమ్మేశారు. ఎంతకు? అది గుట్టు. 2017లో బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్ 22 కోట్ల 20 లక్షల యూరోలు కట్టిందని మా టీ అంగడి పెద్దాయనకు కూడా తెలుసు. మార్కెట్ యార్డులో శనక్కాయల రేటు అందరికీ వినపడేట్టే పలుకుతారు. మా పిల్లోడి రేటు మాత్రం బంగారం కుదువ పెట్టినంత రహస్యం. ఆటగాళ్లు క్లబ్బులు మారే గడువును ట్రాన్స్‌ఫర్ విండో అంటారు. విండో అంటే కిటికీ కదా అనుకున్నాం. పక్క ఊళ్ల క్లబ్బులకు అందులోంచి గాలి వస్తుంది, మనకు సామాన్లు పోతాయి.

పోవడం తప్పని నేననను. లండన్ క్లబ్బు టోటెన్‌హామ్‌కు 280 గోల్స్ కొట్టిన హ్యారీ కేన్ అంతటోడే 2023లో జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్‌కు పోయాడు. పిల్లోడికీ ఇల్లుంది, అప్పులున్నాయి. మమ్మల్ని అడిగి అమ్మాలని కూడా అనను. బార్సిలోనా క్లబ్బులో అధ్యక్షుణ్ణి సభ్యులే ఓట్లేసి ఎన్నుకుంటారట. మాకు ఓటొద్దు, ఒక మాట చాలు.

ఆఖరి ఆదివారం మ్యాచ్ అయిపోయాక వాడు మా గ్యాలరీ వైపు వచ్చాడు. మామూలుగా చెయ్యూపి పోతాడు. ఆ రోజు నిలబడ్డాడు. షూస్ విప్పి చేత్తో పట్టుకుని, ఊరికే మా వైపు చూస్తా నిలబడ్డాడు. నేనేమో చెప్పులు యాడ పోయినాయో అని మెట్ల కింద వెతుక్కుంటా ఉన్నా. వాడికి తెలుసప్పా! నీకు తెలుసు, నీ పీఏకు తెలుసు, ఫ్లెక్సీ కొట్టేవాడికి కూడా తెలుసు. తెలియంది మాకే. ముందు రోజు ఒక ముక్క చెప్పుంటే నీ సొమ్మేం పోయేది? ఒక దండ వేసేవాళ్లం. ఏడ్చేవాళ్లం. అన్నేళ్లు మాకోసం ఉరికినోణ్ణి బస్టాండులో దిగబెట్టడానికి కూడా ఒక్కడూ లేకుండా చేసినావు గదప్పా!

ఇంత తిట్టినాక కూడా ఒకటి ఒప్పుకోవాల. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లకే ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. నువ్వు క్లబ్బునైతే ఊరు దాటించలేదు. కడప మ్యాచ్‌కు పోతా పోతా బస్సు చెడిపోతే, నీ కారులో ఆరుగురు పిల్లోళ్లను కుక్కి పంపి, నువ్వు సిమెంటు లారీ ఎక్కొచ్చినావు. అది మేం మర్చిపోలేదు. అందుకే నిన్న ఆరింటిదాకా కూర్చున్నాం.

చివరగా తమరికి చిన్న మనవి. గోల్‌కీపర్ కూడా పోతున్నాడని టీ అంగట్లో అనుకుంటున్నారు. నిజమో అబద్ధమో, ఎంతకిస్తున్నారో నాకు అక్కర్లేదు. ఏ రోజు పోతున్నాడో మాత్రం పీఏతో చెప్పించండి. శాలువా కొనాలి.

ఇట్లు,
తమరి డప్పు