అసారా అప్పగించిన కళాఖండాలు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అలెగ్జాండర్ పాలరాతి తల ఒకటి ఉంది. ముఖం బాగా అరిగిపోయింది. అయినా అది ఎవరిదో చెప్పగలుగుతున్నామంటే కింద గ్రీకులో పేరు, ఫిలిప్ కొడుకన్న మాట చెక్కి ఉండబట్టే. 1779లో రోమ్ దగ్గర టివోలిలో తవ్వకాలు జరిపించి దాన్ని వెలికి తీయించింది స్పెయిన్ దౌత్యవేత్త హోసే నికొలాస్ దె అసారా. తర్వాత తనే దాన్ని నెపోలియన్‌కి కానుకగా ఇచ్చేశాడు.

అసారా 1730లో ఆరగాన్ ప్రాంతంలో కులీన కుటుంబంలో పుట్టాడు. మార్కీస్ బిరుదు మాత్రం చివరి రోజుల్లో వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా రోమ్‌లో స్పెయిన్ వ్యవహారాలు చూశాడు. 1773లో పోప్ జెసూట్ సంఘాన్ని (కాథలిక్ మతగురువుల సంస్థ) రద్దు చేయడం వెనుక నడిచిన మంత్రాంగంలో ఇతని చెయ్యి కూడా ఉంది.

నన్ను కదిలించేది అతని స్నేహం. చిత్రకారుడు మెంగ్స్ 1779లో చనిపోతే, ఆయన రాతలన్నీ పోగుచేసి మరుసటి ఏడాదే పార్మాలో బొడోని ముద్రణాలయంలో అచ్చు వేయించాడు. రోమ్‌లో చిత్రకారుడు రాఫెల్ సమాధి ఉన్న పాంథియాన్‌లోనే మెంగ్స్ విగ్రహం పెట్టించాడు. మెంగ్స్ గీసిన అసారా చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడోలో ఉంది. అసారా సేకరించిన ప్రాచీన శిల్పాలు కూడా రాజు నాలుగో కార్లోస్ చేతికి వెళ్లి, చివరికి అక్కడికే చేరాయి.

అలాంటి మనిషికి 1796లో ఎంత కష్టమైన పని పడిందో చూడండి. నెపోలియన్ సేన పోప్ రాజ్యంలోకి వచ్చేసింది. పోప్ తరఫున మాట్లాడటానికి అసారానే వెళ్లాడు. జూన్ 23న బొలోన్యాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్‌కు 2.1 కోట్ల లివ్‌ర్‌లు (అప్పటి ఫ్రెంచి నాణేలు), 100 కళాఖండాలు, 500 రాతప్రతులు ఇవ్వాలి. రోమ్‌లోని కాపిటోల్ కొండ మీదున్న, ప్రాచీన రోమ్ నాయకులైన ఇద్దరు బ్రూటస్‌ల విగ్రహాలను పేరు పెట్టి మరీ అడిగారు. అసారా సంతకం పెట్టాడు.

దీన్ని ద్రోహం అనడానికి నాకు మనసొప్పదు. సైన్యం అంత దగ్గరికి వచ్చాక, లెక్కకట్టి ఇవ్వడమే రోమ్‌ను దోపిడీ నుంచి కాపాడే దారి. అయితే ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు. 1798లో ఫ్రెంచి సేన రోమ్‌లోకి రానే వచ్చింది.

అసారా 1804లో పారిస్‌లో కన్నుమూశాడు. నెపోలియన్ పతనమయ్యాక, ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయిన లావొకూన్, అపోలో లాంటి ప్రాచీన విగ్రహాలు రోమ్‌కు తిరిగొచ్చాయి. అలెగ్జాండర్ తల మాత్రం కానుక కాబట్టి లూవ్ర్‌లోనే ఉండిపోయింది.