లింక్డ్ కుట్టు కష్టం కాదు, నేర్పేవాళ్లతోనే కష్టం

నిరుడు వేసవిలో మొదటిసారి సొంతంగా ఒక భుజం సంచి అల్లాను. నాలుగు మిల్లీమీటర్ల క్రోషియా సూదితో, కాస్త మందపాటి నూలుతో, వరుస మీద వరుసగా ట్రెబుల్ కుట్లు వేసి పది రోజుల్లో పూర్తి చేశాను. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. మూడో రోజున రైతుబజారులో చిల్లర కోసం చెయ్యి పెడితే బిళ్లలు సగం లేవు, బాల్‌పెన్ను మాత్రం సందులోంచి బెత్తెడు బయటికి పొడుచుకొచ్చి పక్కన నిలబడిన ఒకావిడ చీర మీద నీలంగీత గీసింది. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను గానీ, నేను లింక్డ్ కుట్టు, అంటే పక్కపక్క కుట్లను నడుము దగ్గర కలిపేసే కుట్టు, నేర్చుకోవడానికి అసలు కారణం ఆవిడే.

పొడుగు కుట్లలో సందులు ఎందుకు పడతాయో ముందు చెప్పాలి. ట్రెబుల్ కుట్టు దడికి పాతిన కర్రలాంటిది. ప్రతి కుట్టూ విడిగా నిలబడుతుంది. పక్క కుట్టుతో దానికి సంబంధం అడుగున, తలమీద మాత్రమే ఉంటుంది, నడుము దగ్గర ఏమీ ఉండదు. కుట్టు ఎంత పొడుగైతే ఆ సందు అంత పెద్దదవుతుంది. నేను ట్రెబుల్ అంటున్నది బ్రిటిష్ పేరు. అమెరికా వాళ్లు దీన్నే డబుల్ క్రోషే అంటారు, బ్రిటిష్ వాళ్ల డబుల్ క్రోషే అమెరికా వాళ్లకు సింగిల్ అవుతుంది. మనవాళ్లు పాత పుస్తకం ఒకచోట, అమెరికా వీడియో మరొకచోట చూసి రెండు పేర్లూ కలిపేసి వాడుతుంటారు కాబట్టి, ఏ నమూనా మొదలుపెట్టినా ముందు అది ఏ దేశపు భాషలో ఉందో చూసుకోకపోతే సగం పని ఊడదీసుకోవాల్సి వస్తుంది.

ఇక లింక్డ్ కుట్టులో జరిగేది చాలా చిన్న మార్పు. మామూలు ట్రెబుల్‌కు ముందు సూదికి దారం ఒకసారి చుట్టుకుంటాం. ఇక్కడ ఆ చుట్టు మానేసి, దాని బదులు అంతకుముందే వేసిన కుట్టు నడుము దగ్గర కనిపించే అడ్డపోగు కింద సూదిని పైనుంచి దూర్చి ఒక లూపు లాగుతాం. తర్వాత కింది వరుసలోని కుట్టులో సూది పెట్టి మరో లూపు లాగితే సూది మీద మొత్తం మూడు లూపులు ఉంటాయి. ఎప్పటిలాగే దారాన్ని రెండు లూపుల్లోంచి ఒకసారి, మిగిలిన రెండిట్లోంచి మళ్లీ ఒకసారి లాగేస్తాం. అంతే. దడికర్రల నడుముకు అడ్డంగా ఒక బద్ద కట్టినట్టు, ప్రతి కుట్టూ పక్కదాని నడుము పట్టుకుంటుంది.

నా కోపమంతా ఈ అడ్డపోగు దగ్గరే. నేను చూసిన వీడియోల్లో ఒక్కరు కూడా ఆ పోగు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. "ఇదిగో, ఇక్కడ ఒక పోగు కనిపిస్తుంది కదా, అందులో పెట్టండి" అంటారు. కనిపించదు, ఎందుకంటే వాళ్ల బొటనవేలు సరిగ్గా దాని మీదే ఉంటుంది, పైగా చేతిలో ఉన్నది నల్ల ఊలు. నల్ల ఊలుతో కొత్త కుట్టు నేర్పేవాళ్లకు నేర్పాలన్న ఉద్దేశం ఉందని నేను నమ్మను. చివరికి డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ తరగతిలో చేరాను. అక్కడ ఇదే ప్రశ్న అడిగితే, "సాధన చేస్తూ ఉండండి, అదే అలవాటవుతుంది" అని సమాధానం వచ్చింది. అలవాటు కావడానికి ముందు అది ఏమిటో తెలియాలి కదా అని రెండోసారి అడిగితే, నా మైకు ఆపేశారు.

వారం రోజులు ఊడదీసి అల్లి, అల్లి ఊడదీసి, లేతపసుపు నూలు మీద కిటికీ వెలుతురులో నాకై నేను చూసుకున్నది ఇది: కుట్టు మొదట్లో లాగి సూది మీద ఉంచుకున్న లూపు ఉంటుంది చూడండి, కుట్టు పూర్తయ్యాక దాని ముందువైపు పోగే నడుము దగ్గర అడ్డంగా నిలిచిపోతుంది. అంటే ఈ కుట్టు కోసం లాగిన లూపే తర్వాతి కుట్టుకు పట్టుకొమ్మ అవుతుంది. ఇది ఒకసారి కంటికి ఆనితే ఇక పోగును వెతుక్కోవాల్సిన పని ఉండదు, చీకట్లో వేలితో తడిమి కూడా చెప్పవచ్చు. ఆ లూపును మరీ బిగించి లాగితే తర్వాతి కుట్టుకు సూది దూరదు, మరీ వదులుగా ఉంచితే పోగు వేలాడి వరుస మధ్యలో వంకర గీతలా కనిపిస్తుంది. ఈ మాట చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

రెండో తలనొప్పి వరుస మొదలు. మొదటి కుట్టుకు పక్కన ఇంకో కుట్టు ఉండదు కాబట్టి అడ్డపోగూ ఉండదు. అందుకని మూడు గొలుసు కుట్లు వేసి, సూదికి ఆనుకుని ఉన్న గొలుసును వదిలి, దాని కింది గొలుసులోంచి ఆ లూపు లాగాలి. నేను ఆ మూడు గొలుసులనే వరుసలో మొదటి కుట్టుగా లెక్కిస్తాను, కనుక కింది వరుసలోని మొదటి కుట్టును వదిలి రెండోదాంట్లో సూది పెడతాను. అలా లెక్కించినప్పుడు, వరుస చివర మరిచిపోకుండా కింది వరుస మూడు గొలుసుల తలమీద కూడా ఒక కుట్టు వెయ్యాలి. ఇది ఎవరూ నొక్కి చెప్పరు. నా మొదటి నమూనా ముక్క ముప్పై కుట్లతో మొదలై పదో వరుసకు ఇరవై ఒకటికి వచ్చింది. చతురస్రం అల్లబోతే అంచు ఏటవాలుగా దిగిపోయింది. వరుసకు ఒక్కటే తగ్గడంతో ఐదో వరుస దాకా నాకు అనుమానమే రాలేదు.

కుట్టు పొడుగు పెరిగితే పద్ధతి మారదు, పోగులు పెరుగుతాయి. డబుల్ ట్రెబుల్‌కు, అంటే అమెరికా వాళ్ల ట్రెబుల్‌కు, పక్క కుట్టులో పైనొకటి కిందొకటి రెండు అడ్డపోగులు ఉంటాయి. రెంటిలోంచీ లూపులు లాగి, కింది కుట్టులోంచి ఇంకొకటి లాగితే సూది మీద నాలుగవుతాయి, వాటిని రెండేసి చొప్పున మూడుసార్లు తీస్తాం. ఇంకా పొడుగుది వేస్తే మూడు పోగులు, ఐదు లూపులు. అప్పటికి చేతిలో ఉన్నది క్రోషేలా అనిపించదు. ట్యునీషియన్ క్రోషే (వరుస లూపులన్నిటినీ ఒకే పొడుగు సూది మీదికి ఎత్తుకునే అల్లిక) తెలిసినవాళ్లకు ఆ అల్లికనే పక్కకు తిప్పి అల్లుతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే పని, పోగుల్లోంచి లూపులు ఎత్తుకుని, వెనక్కి దింపుకుంటూ రావడం.

ఇంతవరకూ నేర్పేవాళ్ల మీద. కానీ ఈ కుట్టును అమ్మేవాళ్ల మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. ఎక్కడ చూసినా "ఇక మీ అల్లికలో వికారమైన కంతలు ఉండవు" అన్న ధోరణే. క్రోషేలో కంత వికారమని ఎవరు చెప్పారు? మా అమ్మవైపు వాళ్లది నరసాపురం దగ్గర పల్లె. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్లలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని, తరాలుగా ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని సన్నని నూలుతో అల్లుతూ వచ్చిన పని, అంతా కంతల మీదే నిలబడి ఉంది. ఎక్కడ దారం పెట్టాలో తెలిసినంతగా ఎక్కడ పెట్టకూడదో తెలియడమే ఆ పనితనం. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేసేవారు. దళారి చేతికి వెళ్లి, అక్కడినుంచి విదేశాలకు వెళ్లేది. అల్లినవాళ్లకు దక్కేది మాత్రం ఎప్పుడూ చిల్లరే. యంత్రం మీద అల్లిన చైనా లేసు వచ్చి ఆ చిల్లరకూ గండి కొట్టింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా పెద్దమ్మ పేపరు చదివించుకుని విని, "మంచిదే, రేటేమన్నా పెరుగుద్దా?" అని అడిగింది.

ఆ పెద్దమ్మకే నా లింక్డ్ ముక్క చూపించాను. అద్దాలు సవరించుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో ఒక పోగు ఎత్తి చూసింది. రెండు కుట్లు వెయ్యమంది, వేశాను. మూడో కుట్టు ఆవిడే వేసింది. నాకు వారం పట్టిన సంగతి ఆవిడ వేళ్లకు రెండు నిమిషాల్లో అందింది.

"బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఇది లేసు కాదే, గుడ్డ. గుడ్డ కావాలంటే కొట్లో మీటరు లెక్కన దొరుకుద్ది కదా, ఇంత చేతినొప్పి దేనికీ?"

ఆ మాట నాకు మొదట గుచ్చుకుంది, తర్వాత పనికొచ్చింది. లింక్డ్ అల్లిక నిజంగానే గుడ్డ స్వభావానికి దగ్గరగా వస్తుంది: సాగడం తగ్గుతుంది, బిగుతు పెరుగుతుంది, ఒంటి మీద వాలే గుణం పోతుంది. సంచికి, సంచి పట్టీకి, దిండు గలీబుకు, వేడిగిన్నె కింద వేసే చాపకు అది వరం. పసిపిల్లల వేళ్లు సందుల్లో ఇరుక్కుంటాయన్న భయం ఉన్న దుప్పటికి కూడా మంచిదే. అదే కుట్టుతో శాలువా అల్లితే భుజాన అట్టముక్కలా నిలబడుతుంది. నేను ఆ తప్పు చేసి, నాలుగు ఊలు ఉండలు ఖర్చుపెట్టి, చివరికి దాన్ని కుర్చీ మీద పరిచాను. కొంచెం మెత్తదనం కావాలనుకుంటే మామూలుగా వాడే దానికన్నా అర మిల్లీమీటరు పెద్ద సూది తీసుకోవడం మేలు, అయినా అది ఒంటికి జారే బట్ట మాత్రం కాదు.

గుండ్రంగా అల్లేవాళ్లకు ఒక మాట. ప్రతి చుట్టులో మొదటి కుట్టు తన గొలుసులనే పట్టుకుని మొదలవుతుంది గానీ, చివరి కుట్టును పట్టుకోదు. అందువల్ల చుట్టు కలిసే చోట పైనుంచి కింది దాకా చీలిక మిగులుతుంది. నేను సంచులను బల్లపరుపుగా అల్లి పక్కలు కలిపి కుట్టేస్తాను, టోపీల జోలికి పోను.

కొత్త సంచికి ఇప్పుడు ఎనిమిది నెలలు. చిల్లర రాలలేదు, పెన్ను బయటికి రాలేదు. కొట్లో మీటరు లెక్కన దొరికే గుడ్డ గురించి మాట్లాడిన మా పెద్దమ్మే పోయిన నెల ఫోన్ చేసి, తన లేసు సూదులు పెట్టుకోవడానికి అలాంటిదే చిన్నది ఒకటి అల్లిపెట్టమంది. అల్లి తీసుకెళ్లాను. ఆవిడ సూదుల్లో అన్నిటికన్నా సన్నదాని మొన మాత్రం ఆ అల్లికలోంచి కూడా బయటికి వచ్చింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, మందుసీసా బిరడా ఒకటి తెచ్చి ఆ మొనకు గుచ్చి, సంచిలో పడేసుకుంది.