శవం తెస్తే సంచి నిండా డబ్బా?

ఎక్కడ ఏ ఘోరం జరిగినా మర్నాటికల్లా ఆ మెసేజ్ దిగుతుంది. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే, అదే నా బాధ. చూడనివాళ్ల కోసం దాని సారం: "150 ఏళ్ల కిందట అమెరికాలో కోర్టులూ వాయిదాలూ లేవు. ప్రభుత్వమే నేరస్థుడి ఫొటో వేసి 'ప్రాణాలతోనైనా సరే, శవంగానైనా సరే' అని పోస్టర్ అంటించేది. కాల్చి తెచ్చినవాడికి అక్కడికక్కడే సంచి నిండా డబ్బు, కేసూ గీసూ లేదు. బ్యాంకులూ రైళ్లూ దోచిన జెస్సీ జేమ్స్ పీడ అలాగే వదిలింది. దోపిడీలు ఆగిపోయాయి. మనకూ అదే కావాలి."

ఫొటో సంగతి వదిలేద్దాం. లింకన్‌ను చంపిన బూత్ కోసం 1865లో వేసిన నోటీసుకు ఫొటోలు అంటించారు. చాలావాటికి ఉత్త అక్షరాలే.

దోపిడీలు ఆగిపోయాయట! జెస్సీ పోయిన పదేళ్లకు, 1892లో, డాల్టన్ ముఠా కాన్సస్‌లోని కాఫీవిల్‌లో ఒకేసారి రెండు బ్యాంకుల మీద పడింది. 1899లో వయోమింగ్‌లో విల్‌కాక్స్ దగ్గర రైలును ఆపి దోచారు. ఇంకేం ఆగాయి?

అక్కడికక్కడే డబ్బు అన్నది ఇంకో ముచ్చట. బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన దొంగను పట్టి షెరిఫ్‌కు (అక్కడి జిల్లా పోలీసు అధికారికి) అప్పగిస్తే 500 డాలర్లు ఇస్తానని న్యూ మెక్సికో గవర్నర్ లూ వాలెస్ 1880 చివర్లో ప్రకటించాడు. 1881 జులైలో పాట్ గారెట్ అతన్ని కాల్చి చంపాడు. గారెట్ స్వయానా షెరిఫ్. అయినా ఆ డబ్బు కోసం తిరగాల్సి వచ్చింది. చివరికి 1882 ఫిబ్రవరిలో శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేస్తే గానీ పైకం మంజూరు కాలేదు. ఆఫీసుల చుట్టూ తిరగడం మన సొంత విద్య అనుకుంటాం గానీ, కాదు.

ఇక అసలు విషం "కాల్చి తెస్తే కేసు లేదు" అన్న ముక్కలో ఉంది. 1881 జులైలో మిస్సోరీ గవర్నర్ క్రిటెండెన్ చేసిన ప్రకటన తీసి చూడండి. జేమ్స్ సోదరుల్ని, అంటే జెస్సీనీ అతని అన్న ఫ్రాంక్‌నూ, పట్టి షెరిఫ్‌కు అప్పగిస్తే తలా 5,000 డాలర్లు, కోర్టులో నేరం రుజువైతే మరో 5,000. చంపమని ఎక్కడుంది? పైగా అంత సొమ్ము ఇవ్వడానికి అప్పటి రాష్ట్ర చట్టం ఒప్పుకోలేదు. అందుకే రైల్వే కంపెనీల చేతా, డబ్బూ పార్సిళ్లూ చేరవేసే ఎక్స్‌ప్రెస్ కంపెనీల చేతా పెట్టించాడు.

1882 ఏప్రిల్ 3న సెయింట్ జోసెఫ్‌లో జెస్సీ, థామస్ హోవర్డ్ అన్న దొంగపేరుతో ఉంటున్న ఇంట్లోనే, నడుముకున్న తుపాకులు తీసి పక్కన పెట్టి, గోడమీది పటం సరిచేద్దామని కుర్చీ ఎక్కాడు. అతని ఇంట్లోనే తిని పడుకుంటున్న ముఠా మనిషి బాబ్ ఫోర్డ్ వెనక నుంచి తలలోకి కాల్చాడు. గవర్నర్‌కు టెలిగ్రాం కొట్టి, బహుమతికి ఎదురుచూశాడు. వచ్చింది హత్య కేసు! బాబ్, అతని అన్న చార్లీ ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. జడ్జి ఉరిశిక్ష వేశాడు. అదే రోజు గవర్నర్ క్షమాభిక్ష పెట్టాడు కాబట్టి బతికారు. బహుమతిలో వాళ్లకు దక్కింది కొద్ది భాగమే. తర్వాత బాబ్ ఆ హత్యనే స్టేజీ మీద నటించి చూపిస్తూ పొట్టపోసుకున్నాడు. చార్లీ 1884లో ఆత్మహత్య చేసుకున్నాడు. బాబ్‌ను 1892లో ఇంకొకడు షాట్‌గన్‌తో కాల్చేశాడు. క్రిటెండెన్‌కు సొంత పార్టీయే మళ్లీ టికెట్ ఇవ్వలేదు. మీరు మనకూ కావాలంటున్న పద్ధతి ఇదేనా బాబూ?

"శవం చూపిస్తే చాలు" అనేవాళ్లకు ఇంకొకటి. జెస్సీని నేనే చంపానని 1879లోనే జార్జ్ షెపర్డ్ అనే పాత సహచరుడు చాటుకున్నాడు. చచ్చినవాడు ఆ తర్వాత కూడా రైళ్లు దోచాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బహుమతి పనిచెయ్యలేదని అనలేను, బాగానే పనిచేసింది. తూటాతో కాదు, అనుమానంతో. 5,000 డాలర్ల మాట బయటికి రాగానే ముఠాలో ఎవడిని ఎవడూ నమ్మలేని పరిస్థితి. ముఠాలోని డిక్ లిడిల్ 1882 జనవరిలో లొంగిపోయి గుట్టంతా విప్పాడు, అరెస్టులు మొదలయ్యాయి. అక్టోబరులో ఫ్రాంక్ జేమ్స్ తనంతట తానే వెళ్లి క్రిటెండెన్ చేతికి తుపాకీ ఇచ్చాడు. విచారణ జరిగింది, లిడిల్ సాక్ష్యం చెప్పాడు, లాయర్లు వాదించారు. జ్యూరీ ఫ్రాంక్‌ను నిర్దోషి అంది. ఆయన 1915 దాకా నిక్షేపంగా బతికాడు, కోర్టులే లేని ఆ అమెరికాలో.