‘క్లీన్‌గా తింటే ఎంత తిన్నా ఫర్వాలేదు, ఎవరి తోడూ అక్కర్లేదు’ అనే మాటకు జవాబు

ఫోన్ నుంచి ఫోన్‌కి ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “ప్యాకెట్ తిండి అంతా విషం. అది మానేసి క్లీన్‌గా తింటే చాలు, ఎంత తిన్నా ఒంటికి కొవ్వు పట్టదు, క్యాలరీల లెక్క అక్కర్లేదు. చక్కెర తీసేసి తేనె వాడండి. మొదటి మూడు రోజులు జ్యూసులతో ఒళ్లు శుభ్రం చేసుకుంటే పది రోజుల్లో ఐదు కిలోలు తగ్గుతారు. మధ్యలో ఒక్క పూట తప్పినా మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. ఎవరికీ చెప్పకండి. మనసు గట్టిదైతే ఎవరి తోడూ అవసరం లేదు.”

కొంత నిజం కలిసి ఉంది కాబట్టే ఇది ఇట్టే నమ్మబుద్ధేస్తుంది. నమ్మి మొదలుపెట్టినవాళ్లు నెల తిరక్కుండానే “నా వల్ల కాదు” అని వదిలేస్తారు, లోపం తమలోనే ఉందనుకుంటారు. లోపం ఆ సందేశంలో ఉంది. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

“క్లీన్‌గా తింటే చాలు, ఎంత తిన్నా కొవ్వు పట్టదు”

ముందు ఇందులోని నిజం చెప్పాలి. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి ఒక పరీక్ష చేసింది. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి పెట్టారు. కంచంలో వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానంగా చూశారు. ఎంత తినాలన్నది తినేవాళ్ల ఇష్టం. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, సగటున 0.9 కిలో పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాల్లో దాదాపు అంతే తగ్గారు.

కాబట్టి వండుకున్న సాదా తిండి మేలే. అయితే ఎందుకు మేలు? ఆ తిండితో వాళ్లకు తెలియకుండానే తక్కువ లోపలికి వెళ్లింది. నెమ్మదిగా తిన్నారు, అది ఒక కారణం కావచ్చు. ఎంత తిన్నా ఫర్వాలేదని ఆ పరీక్ష ఎక్కడా చెప్పలేదు. తక్కువ తినడం తేలికయ్యే దారి చూపించింది, అంతే. మంచి పదార్థమే అయినా చిన్న గిన్నెలో ఎక్కువ శక్తి దాచుకున్నది ఎదురైతే ఈ దారి మూసుకుపోతుంది.

అలాంటివాటిలో మొదటిది నూనె. ఏ నూనె అయినా, ఎంత ఖరీదైనదైనా, ఎంత సహజంగా తీసినదైనా, గ్రాముకు 9 క్యాలరీలు. ఒక టేబుల్ స్పూన్ దాదాపు 14 గ్రాములు, అంటే సుమారు 120 క్యాలరీలు. సీసా వంచి పోసేటప్పుడు ఒక స్పూను ఎక్కడ ఆగుతుందో, రెండోది ఎక్కడ మొదలవుతుందో ఎవరి కంటికీ కనబడదు. ఇంట్లో అసలు ఎంత ఖర్చవుతోందో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. కొత్త లీటరు సీసా తెరిచిన రోజున మార్కర్‌తో దానిమీద తేదీ రాయండి. ఖాళీ అయిన రోజున మళ్లీ చూడండి. లీటరు నూనెలో సుమారు 8,200 క్యాలరీలు ఉంటాయి. ఇద్దరున్న ఇంట్లో అది 15 రోజుల్లో అయిపోతే ఒక్కొక్కరికి రోజుకు దాదాపు 270 క్యాలరీలు నూనె ద్వారానే వెళ్తున్నట్టు. వేయించాక మూకుడులో మిగిలి పారబోసిన దాన్ని అందులోంచి తీసేసుకోండి. ఇకనుంచి సీసా పొయ్యి దగ్గర ఉంచకుండా, ఆ రోజుకు కావలసిన స్పూన్లు పొద్దున్నే చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకుంటే వంట రుచి పెద్దగా మారకుండానే మూడో వంతు తగ్గించవచ్చు.

రెండోది గింజలు. 28 గ్రాముల బాదం, అంటే ఇంచుమించు 23 పలుకులు, లెక్క ప్రకారం 160 క్యాలరీల పైమాటే. ఇక్కడ ఒక న్యాయమైన సంగతి చెప్పాలి. పలుకులుగా నమిలి తింటే కొంత కొవ్వు కణాల గోడల్లోనే చిక్కుకుని బయటికి పోతుంది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే 28 గ్రాముల బాదం నుంచి ఒంటికి అందింది సుమారు 129 క్యాలరీలే. మెత్తగా రుబ్బి వెన్నలా చేస్తే ఆ లాభం పోతుంది. అందుకే డబ్బాలో చెయ్యి పెట్టి తినే అలవాటు ఉన్నవాళ్లు గుప్పెడు ఒక చిన్న గిన్నెలోకి తీసి, డబ్బా మూత పెట్టి, తర్వాత కూర్చోవాలి.

లెక్క అక్కర్లేదనే మాట మీద ఇంకొకటి. 1992లో ఒక వైద్య పరిశోధనలో “ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు” అన్నవాళ్లను పరీక్షిస్తే, వాళ్లు రాసుకున్నదానికంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువని తేలింది. సగటున 47 శాతం తక్కువగా రాశారు. వాళ్లు అబద్ధం ఆడారని అనుకోకండి. వండుతూ రుచి చూసినది, పిల్లలు వదిలేస్తే తిన్నది, టీలో పాలు ఎవరికీ గుర్తుండవు. జీవితాంతం తూకం వేసుకోమని ఎవరూ అనరు. రెండు వారాలు వేస్తే కన్ను అలవాటు పడుతుంది. ఆ తర్వాత నెలకు మూడు రోజులు సరిచూసుకుంటే సరిపోతుంది.

“చక్కెర బదులు తేనె”

టేబుల్ స్పూన్ చక్కెర సుమారు 12.5 గ్రాములు, దాదాపు 50 క్యాలరీలు. అదే స్పూన్ తేనె 21 గ్రాములు, 64 క్యాలరీలు. తేనె బరువైనది కాబట్టి స్పూనుకు స్పూను మారిస్తే క్యాలరీలు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెలో, పండ్ల రసాల్లో ఉన్న చక్కెరను కూడా మామూలు చక్కెరతో ఒకే ఖాతాలో వేసింది. రోజు శక్తిలో అదంతా కలిపి పది శాతం మించకూడదంది. 2,000 క్యాలరీలు తినేవారికి అది 50 గ్రాములు. తేనె రుచి ఇష్టమైతే వాడుకోండి, స్పూను మాత్రం చిన్నది చెయ్యండి.

“ప్యాకెట్‌లో ఉన్నదంతా విషం”

గడ్డకట్టించిన బఠాణీలు, తీపి కలపని పెరుగు, ఓట్స్, ఎండు పప్పులు, ఉప్పునీళ్లలో ఉన్న బీన్స్ డబ్బా, ఇవన్నీ ప్యాకెట్లలోనే వస్తాయి. అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి పది నిమిషాల్లో భోజనం తయారయ్యేది వీటితోనే. వీటిని కూడా నిషేధిస్తే ఆ రాత్రి మిగిలే దారి బయటినుంచి తెప్పించుకోవడమే. ప్యాకెట్ వెనక్కి తిప్పి మూడు చూడండి: 100 గ్రాములకు క్యాలరీలు, పీచు, మొదటి మూడు దినుసుల పేర్లు. “ఒక సర్వింగ్‌కి” అని రాసిన అంకె మీద ఆధారపడొద్దు. ఆ సర్వింగ్ ఎంతో కంపెనీ ఇష్టం.

“మూడు రోజుల జ్యూస్, పది రోజుల్లో ఐదు కిలోలు”

కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీల శక్తి ఉంటుంది. ఐదు కిలోలకు 38,500. పది రోజుల్లో అంటే రోజుకు 3,850 లోటు రావాలి. చాలామంది ఒంటికి రోజు మొత్తం ఖర్చే అంత ఉండదు. అసలేమీ తినకపోయినా ఆ లెక్క కుదరదు.

మరి తూకంలో నిజంగానే తగ్గినవాళ్ల సంగతి? కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే పిండి నిల్వ ఉంటుంది, ఇంచుమించు అర కిలో. ప్రతి గ్రాము తనతో మూడు గ్రాములకు పైగా నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ముందు ఈ నిల్వ కరుగుతుంది, నీరు పోతుంది, ముల్లు కిలోన్నర, రెండు కిలోలు కిందికి దిగుతుంది. మామూలుగా తిన్న రెండు మూడు రోజులకే తిరిగొస్తుంది. జ్యూసులో ప్రొటీన్ దాదాపు ఉండదు కాబట్టి కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. ఇక ఒళ్లు లోపల శుభ్రం చెయ్యడం మూత్రపిండాల పని. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని అవి వడకడుతూనే ఉన్నాయి.

ఇది డబ్బు నష్టంతో పోయేది అయితే ఇంత గట్టిగా చెప్పనక్కర్లేదు. ఇన్సులిన్ గానీ, సల్ఫోనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు గానీ వాడేవారు మందు మార్చకుండా తిండి ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బీపీ మందులు వాడేవారికి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో వరకు చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండికి సంబంధించిన మానసిక రుగ్మత ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఏ డైట్ జోలికీ వెళ్లకూడదు.

“ఒక్క పూట తప్పినా మళ్లీ మొదటినుంచి”

రోజుకు 400 క్యాలరీల లోటుతో వెళ్తున్న మనిషి ఒక విందులో 800 ఎక్కువ తిన్నాడనుకుందాం. పోయింది రెండు రోజుల పని. అంతకుముందు నెలంతా చేసింది చెక్కుచెదరలేదు. కానీ మర్నాడు పొద్దున తూకం కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. ఉప్పు పట్టి ఉంచిన నీరు, నిండిన గ్లైకోజన్, ఇంకా అరగని తిండి కలిసిన బరువది. అక్కడ భయపడి పొద్దున, మధ్యాహ్నం మానేస్తే సాయంత్రానికి ఆకలి తట్టుకోలేక మళ్లీ విందు అంత తింటారు. విందు చేసిన నష్టం కన్నా ఈ ఉపవాసం చేసేదే ఎక్కువ. తర్వాతి పూట మామూలుగా తినండి. ఏడు రోజుల బరువు సగటు తీసి పోయిన వారం సగటుతో పోల్చండి, ఒక్క రోజు అంకెను పట్టించుకోకండి.

తిండిని శుభ్రం, అశుభ్రం అని విడగొట్టడంలో మరో చిక్కు ఉంది. అశుభ్రమైనది తిన్న మనిషి తనను తానే అశుభ్రంగా చూసుకోవడం మొదలుపెడతాడు. స్నేహితుల ఇంట్లో తినలేక పిలుపులు తప్పించుకునేదాకా వెళ్తే అది ఆరోగ్యం కాదు. స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టరు 1997లో దీనికి ఆర్థొరెక్సియా అని పేరు పెట్టారు. ఈ స్థితికి వచ్చినవారికి కావలసింది మానసిక వైద్యుల సాయం.

“ఎవరికీ చెప్పకండి, తోడు అక్కర్లేదు”

సందేశంలో అన్నిటికన్నా ఎక్కువ చెడు చేసే మాట ఇదే. తోడు అడగడాన్ని బలహీనతగా చూపిస్తుంది. తోడు ఎంత పని చేస్తుందో కొలిచి చూశారు. 1999లో రీనా వింగ్, రాబర్ట్ జెఫరీ ప్రచురించిన పరిశోధనలో ఒంటరిగా చేరి బరువు తగ్గే మామూలు కార్యక్రమం పొందినవారిలో 76 శాతం చివరిదాకా ఉన్నారు. స్నేహితులతో కలిసి చేరి, ఒకరికొకరు తోడుండే శిక్షణ కూడా పొందినవారిలో 95 శాతం ఉన్నారు. నాలుగో నెల నుంచి పదో నెల దాకా తగ్గిన బరువును పూర్తిగా నిలబెట్టుకున్నవారు మొదటి గుంపులో 24 శాతం, రెండో గుంపులో 66 శాతం. తిండి సలహా దాదాపు ఒకటే, తోడే తేడా.

2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ సంగతీ అంతే. 3,234 మంది పాల్గొన్న ఆ పరీక్షలో తిండి, నడక మార్చుకున్నవారికి షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవారికి 31 శాతం. లక్ష్యాలు మామూలువే: ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అయితే వాళ్లను కరపత్రం చేతిలో పెట్టి పంపేయలేదు. మొదటి 24 వారాల్లో 16 సార్లు ఒక కోచ్ ఎదురుగా కూర్చుని మాట్లాడారు, ఆ తర్వాతా కలుస్తూనే ఉన్నారు.

తోడు అడగడంలోనూ పద్ధతి ఉంది. “నాకు సపోర్ట్ చెయ్యి” అంటే ఎదుటివాళ్లకు ఏం చెయ్యాలో తెలియదు. చెయ్యాల్సిన పని పేరు పెట్టి అడగాలి. వండేవారిని: “వడ్డించాక గిన్నెలు టేబుల్ మీద కాకుండా వంటింట్లోనే ఉంచుదాం, ఇంకా కావాలంటే నేనే లేచి వెళ్తాను.” ఆఫీసులో పక్కవాళ్లను: “నాలుగింటికి స్నాక్స్ తెచ్చుకునేటప్పుడు నన్ను పిలవకండి, ఐదింటికి నడవడానికి పిలవండి.” ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఇదే దారిలో ఉన్న మరొక మనిషి దొరికితే వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళకు మూడు వరుసల మెసేజ్ పెట్టుకోండి. బరువు సగటు, నడిచిన రోజులు, ఎక్కడ తడబడ్డారు. ఉదాహరణకు: “78.4, నాలుగు రోజులు, గురు శుక్రవారాల్లో రాత్రి పదకొండుకి బిస్కెట్లు.” దీనికి జవాబుగా సలహాలు గుప్పించొద్దు. ఒక్క ప్రశ్న చాలు: “ఆ రెండు రాత్రులూ భోజనం ఎన్నింటికి చేశావ్?” తరచూ కారణం అక్కడే దొరుకుతుంది. ఏడింటికి సగం కడుపుతో లేచినవారికి పదకొండింటికి ఆకలి వెయ్యక మానదు. అప్పుడు మార్చాల్సింది రాత్రి భోజనంలో ఒక గుడ్డో, కప్పు పప్పో కలపడం.

తోడు చెడిపోయే తీరులూ తెలిసి ఉండాలి. ఇంట్లోవాళ్లు కాపలాదారులైపోతే, “నువ్వది తినొచ్చా?” అని నలుగురిలో అడిగితే, దాక్కుని తినడం మొదలవుతుంది. ఎవరెన్ని కిలోలు తగ్గారని పోటీ పెడితే ఒళ్లు నెమ్మదిగా స్పందించేవాళ్లు మొదట వెళ్లిపోతారు. పోటీ పెట్టాలనుకుంటే నడిచిన రోజుల మీద పెట్టుకోండి, అది మన చేతిలో ఉన్నది. పొడి డబ్బాలు అమ్మే గ్రూపులు, తగ్గనివాళ్లను నలుగురిలో నిలబెట్టే కోచ్‌లు కనబడితే బయటికి వచ్చేయండి. మంచి కోచ్ మొదటి రోజే మీ జబ్బులు, వాడే మందులు అడుగుతారు, తగ్గాక ఏం చెయ్యాలో కూడా అప్పుడే మాట్లాడతారు.

కొన్నిటికి స్నేహితులు సరిపోరు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్య మందులు, ఇన్సులిన్ బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, వేరే మందు ఉందేమో డాక్టరును అడగాలి. తిండి మారకుండానే బరువు పెరుగుతుంటే, కాళ్లు వాస్తుంటే, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవుతుంటే, ఆపుకోలేనంతగా తినే రోజులు పదేపదే వస్తుంటే కూడా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇక మీరే ఎవరికైనా తోడైతే, ఒక వారం అవతలినుంచి మెసేజ్ రాకపోతే, చాలామటుకు బరువు పెరిగి సిగ్గుపడుతున్నారని అర్థం. అంకె అడగకండి. “సాయంత్రం ఆరింటికి నడవడానికి వస్తున్నా, గేటు దగ్గర ఉంటావా?” అని పెట్టండి.