స్టీరింగ్ వణికితే నాలుగు డిస్కులూ మార్చాలా? ఆ ఫార్వర్డ్‌లోని ఒక్కో మాటకీ జవాబు

కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, ఈ నెలలో నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "స్పీడులో బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు వేడికి వంగిపోయినట్టే. లేత్ పట్టించడం ప్రమాదం. నాలుగు చక్రాలకీ డిస్కులు, ప్యాడ్లు మార్చాల్సిందే. పవర్ ఎక్కువున్న కారైతే రంధ్రాల డిస్కులే వేయించాలి. కొత్తవి వేశాక మామూలుగా నడుపుకోవచ్చు." (డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేక్ వేస్తే దాన్ని రెండు వైపుల నుంచి నొక్కేవి ప్యాడ్లు. లేత్ పట్టించడమంటే డిస్కు ముఖాన్ని మిషన్ మీద పలచగా చెక్కి సమం చేయించడం.) నేను హైదరాబాద్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ నడుపుతాను. సరిగ్గా ఇలాంటి సలహా విని ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ "వంగిపోవడం" సంగతి. మెకానిక్ "డిస్కు బెండ్ వచ్చిందన్నా" అంటే మనం సరే అనేస్తాం. కానీ రోడ్డు మీద నడిచే కారులో పోత ఇనుము డిస్కు వేడికి అప్పడంలా వంగిపోవడం చాలా అరుదు. వణుకు ఎక్కువగా వచ్చేది డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం వల్ల. ఒకచోట ప్యాడ్ మెటీరియల్ ఎక్కువ అంటుకుంటుంది, లేదా ఒకచోట డిస్కు ఎక్కువ అరుగుతుంది. ఆ తేడా 0.02 మిల్లీమీటర్లు ఉన్నా చాలు, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు, స్టీరింగ్ పట్టుకున్న చేతికి భయం పుట్టేంత వణుకు వస్తుంది. ఎందుకంటే 100 స్పీడులో నా కారు సైజు చక్రం సెకనుకి దాదాపు 14 సార్లు తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ ఆ మందం ఉన్న చోటు ప్యాడ్ల మధ్య నుంచి దూరుతుంది. కంటితో చూసి, వేలితో తడిమి ఇది కనిపెట్టలేం, మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవాలి.

మరి ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఫార్వర్డ్ రాసినవాళ్లు పూర్తిగా వదిలేసింది ఇదే, నాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే. డిస్కు వెళ్లి కూర్చునేది హబ్ మీద, అంటే చక్రాన్ని బోల్టులతో బిగించే మధ్య భాగం మీద. ఆ హబ్ ముఖం మీద తుప్పు పొరో, పాత డిస్కు నుంచి రాలిన పెచ్చో ఉంటే, ఎంత ఖరీదైన కొత్త డిస్కైనా కాస్త వంకరగానే కూర్చుంటుంది. మొదట్లో మనకేమీ తెలియదు. కానీ బ్రేక్ వేయకుండా హైవే మీద పోతున్నప్పుడు కూడా పక్కకు ఊగే ఆ ఒక్క చోటు ప్రతి చుట్టులో ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది, వేల కిలోమీటర్లు అలా రాసుకుని అక్కడ మందం మారిపోతుంది. నేను ముందు చక్రాల డిస్కులు, ప్యాడ్లు మార్పించినప్పుడు బిల్లు 50 వేలు దాటింది, ఓ 5 వేల కిలోమీటర్లు హాయిగా ఉంది, తర్వాత విజయవాడ నుంచి వస్తూ పంతంగి టోల్ ముందు స్లో చేస్తుంటే మళ్లీ అదే వణుకు. డిస్కులు మార్చినవాళ్లు హబ్‌ని ముట్టుకోలేదు. ఇంకో మెకానిక్ దగ్గర ఊగడాన్ని కొలిచే డయల్ గేజ్ పెట్టిస్తే డిస్కు పక్కకి 0.12 మిల్లీమీటర్లు ఊగుతోంది, సాధారణంగా 0.05 లోపు ఉంటే మంచిది. విప్పి, హబ్‌ని వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్ది మళ్లీ పెడితే 0.04కి దిగింది.

ఇక లేత్. హబ్ శుభ్రం చేసినంత మాత్రాన అప్పటికే వచ్చిన మందం తేడా పోదు, కాబట్టి నేను లేత్ పట్టించాను. ప్రమాదం లేత్‌లో లేదు, కొలవకుండా పట్టించడంలో ఉంది. డిస్కు మీదే కనీస మందం అచ్చేసి ఉంటుంది. 25 మిల్లీమీటర్లతో వచ్చే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా డిస్కులకి మామూలుగా 22. నావి లేత్ పట్టాక కూడా 24కి పైనే ఉన్నాయి. హబ్, లేత్, లేబర్ అన్నీ కలిపి 4 వేలు కూడా కాలేదు. మందం హద్దుకి దగ్గరైతే, పగుళ్లు కనిపిస్తే, లేదా అక్కడక్కడా నీలం మచ్చలు గట్టిపడి లేత్ పట్టినా మళ్లీ పైకి తేలుతుంటే మాత్రం మార్చాల్సిందే. ఆ ఒక్క సందర్భంలో ఫార్వర్డ్ చెప్పింది నిజం.

అప్పుడైనా నాలుగూ ఎందుకు? ఒక యాక్సిల్‌కి జతగా, అంటే ముందు రెండూ లేదా వెనక రెండూ మారిస్తే సరిపోతుంది. స్టీరింగ్ ఊగుతుంటే ఎక్కువగా ముందువే, స్టీరింగ్ నిశ్చలంగా ఉండి సీటు, పెడల్ మాత్రమే అదురుతుంటే వెనకవి చూడండి. బ్రేక్ వేయకుండానే వణుకుతుంటే బ్రేకుల కంటే ముందు టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్‌లు చిరిగి ఉంటే చిన్న వణుకు కూడా పెద్దదై చేతికొస్తుంది, ప్యాడ్లని పట్టుకుని నొక్కే కాలిపర్ జారే స్లైడ్ పిన్నులు పట్టేసినా ప్యాడ్ డిస్కుని వదలదు. గ్రీజు పెట్టడానికి ఎంతవుతుందో మీకే తెలుసు. ఇంకొకటి, పంక్చర్ షాపులో ఎయిర్ గన్‌తో వీల్ బోల్టులు బిగించేస్తారు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఈ కార్లకి 120 న్యూటన్ మీటర్ల బిగింపు, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు వరసలో బిగించమని నిలబడి అడగండి.

రంధ్రాల డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, ఈ జబ్బుకి మందు కాదు. తుప్పు హబ్ మీద అవి కూడా అలాగే ఊగుతాయి, పైగా గట్టిగా వాడితే పగుళ్లు ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి.

ఆఖరిది, "మామూలుగా నడుపుకోవచ్చు" అన్న మాట. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఖర్చు లేని ఈ ఒక్క పని చేయకపోతే చేయించిన పనంతా వృథా అవుతుంది. కొత్త ప్యాడ్లు వేసినా, లేత్ పట్టించినా, ప్యాడ్ మెటీరియల్ డిస్కు అంతటా ఒకే పొరగా అంటుకునేలా చేయాలి. వెనక బళ్లు లేని ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున, 80 నుంచి 20కి ఓ 8, 10 సార్లు కాస్త గట్టిగానే తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు, మధ్యమధ్యలో కొంచెం దూరం పోనివ్వండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం ఇది చేయకండి, అక్కడ అలా స్లో అయితే వెనకొచ్చేవాడికి ప్రాణాపాయం. అయ్యాక పది నిమిషాలు బ్రేక్ వాడకుండా నడిపి చల్లారనివ్వండి. ఆ వేడి మీద సిగ్నల్ దగ్గర పెడల్ నొక్కిపెట్టి నిలబడితే ప్యాడ్ ఆకారం డిస్కు మీద అచ్చు పడిపోతుంది, మళ్లీ వణుకు అక్కడి నుంచే మొదలవుతుంది.