పచ్చ టిక్కు చూసి బిల్లు పాస్ చేయకండి

డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు (కాగితాల స్కాన్లను దాచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు) ఆబ్జెక్ట్ స్టోరేజ్ కనెక్టర్, అంటే దాని ఫైళ్ళను ఇంటర్నెట్‌లోని నిల్వకు పంపి తెచ్చే భాగం, అమర్చడమంటే నాలుగు గళ్ళు నింపడమేనని చెప్పి డబ్బు తీసుకునేవారి మీద నాకు కోపం ఉన్నది. ఆ మాట నమ్మి, తెర మీద 'కనెక్షన్ సక్సెస్‌ఫుల్' అన్న పచ్చ టిక్కు చూడగానే పని పూర్తయినట్టు సంతకం పెట్టిన నా మీద అంతకంటే ఎక్కువ కోపం ఉన్నది. ఈ పోస్టు ఆ రెండు కోపాల నుంచి వచ్చినది కాబట్టి కొంచెం పొడుగ్గా ఉంటుంది.

హనుమకొండలో ఒక విద్యాసంస్థల ట్రస్టుకు కంప్యూటర్ వ్యవహారాలు చూసుకోవడం నా ఉద్యోగం. 2023 జూలై చివరి వారంలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి ఇక్కడివారికి గుర్తు చేయనక్కరలేదు. భద్రకాళి చెరువు కట్ట తెగిందన్న వార్త విన్నప్పుడు మేము కింది అంతస్తులోని రికార్డు గది నుంచి అడ్మిషన్ రిజిస్టర్లను మేడ మీదికి మోస్తున్నాము. తడిసిన రిజిస్టర్లను ఫ్యాన్ల కింద ఆరబెట్టిన తరువాత, పాత రికార్డులన్నీ స్కాన్ చేసి డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో పెట్టాలనీ, ఆ ఫైళ్ళు అదే భవనంలోని సర్వర్‌లో కాకుండా అమెజాన్ వారి ఇంటర్నెట్ నిల్వ సేవ అయిన ఎస్3లో ఉండాలనీ యాజమాన్యం నిర్ణయించింది. ఆ నిర్ణయం సరైనదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. నా గొడవ అంతా దానిని అమలు చేసిన తీరుతోనే.

పని తీసుకున్న సంస్థ పేరు ఇక్కడ రాయను. వారి ఇంజినీరు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి, యాక్సెస్ కీ, సీక్రెట్ కీ (ఈ రెండూ యూజర్ పేరు, పాస్‌వర్డ్ లాంటివి), బకెట్ (ఎస్3లో మన ఫైళ్ళు ఉండే డబ్బా) పేరు, రీజియన్ (ఆ బకెట్ ఉండే ప్రాంతం) అనే నాలుగు గళ్ళు నింపి, 'టెస్ట్' బటన్ నొక్కి, పచ్చ టిక్కు చూపించి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఆ బటన్ ఏమి పరీక్షిస్తుందని నేను అడగలేదు. తరువాత లాగ్, అంటే సిస్టమ్ తన పనులను రాసుకునే చిట్టా, తెరిచి చూస్తే, బకెట్ అనేది ఉన్నదా లేదా అని మాత్రమే అడిగి వస్తుందని తెలిసింది. ఒక్క ఫైలు రాయదు, ఒక్క ఫైలు చదవదు. గేటు దగ్గర నిలబడి ఇల్లు ఉన్నదని చూసి రావడానికీ, తాళం తీసి లోపలికి వెళ్ళి బీరువా తెరవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

రీజియన్ గడి గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఎస్3కి మన దేశంలో 2016 నుంచి ముంబయి, 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్లు ఉన్నాయి. హైదరాబాద్ రీజియన్ సంకేతనామం 'ఏపీ-సౌత్-2'. అది చూసి మా అకౌంట్స్ సార్ "రాష్ట్రం వచ్చి ఇన్నేండ్లయినా హైదరాబాద్‌ను ఇంకా ఏపీ అనుడేంది?" అని నిజంగానే కోపపడ్డారు. అక్కడ ఏపీ అంటే ఆసియా పసిఫిక్ అని ఆయనను ఒప్పించడానికి కొంత సమయం పట్టింది. అయితే ఆ కనెక్టర్ వెర్షన్ పాతది కావడం వల్ల దాని జాబితాలో ముంబయి దగ్గరే రీజియన్లు ఆగిపోయాయి, ఇంజినీరు కూడా ముంబయినే ఎంచుకున్నాడు. మా కాగితాలకు దాని వల్ల పెద్ద నష్టమేమీ లేదు. కానీ ఒకసారి సృష్టించిన బకెట్‌కు రీజియన్ మార్చడం కుదరదు, కొత్త బకెట్ పెట్టి అంతా కాపీ చేసుకోవలసిందే. అంతటి నిర్ణయాన్ని మా యాజమాన్యం కాకుండా ఒక పాత జాబితా తీసుకున్నది.

అసలు కథ కీలతో మొదలైంది. ఇంజినీరు వాడినవి ఖాతా మొత్తానికి యజమాని అయిన రూట్ ఖాతా కీలు. అవి సెట్టింగుల ఫైలులో తెరిచిన పుస్తకంలా ఉన్నాయి, అంతకుముందే వాట్సాప్‌లో నాకు కూడా వచ్చాయి. ఆ కీలు చేజిక్కించుకున్నవారు మా ఫైళ్ళు చదవడమే కాదు, మా పేరు మీద ఎన్ని సర్వర్లయినా నడిపి బిల్లు మాకు పంపించగలరు. దస్తావేజుల సిస్టమ్‌కు ఒకే ఒక్క బకెట్‌లో రాయడం, చదవడం, తొలగించడం మినహా మరే అధికారమూ అవసరం లేదు కాబట్టి, అంత మాత్రమే అనుమతి ఉన్న వేరే యూజర్‌ను తయారు చేయమని నేను పట్టుబట్టాను. వారు మూడు వారాలకు చేశారు, ఆ యూజర్‌కు ఏ అనుమతులున్నాయో చెప్పే పాలసీని చేత్తోనే రాశారు, మళ్ళీ 'టెస్ట్' నొక్కారు, మళ్ళీ పచ్చ టిక్కే వచ్చింది.

ఆ వారం నుంచి ఒక వింత కనిపించింది. ఒకటి రెండు పేజీల స్కాన్లు చక్కగా ఎక్కుతున్నాయి, నలభై యాభై పేజీల రిజిస్టర్లు మాత్రం చివరిదాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. ఫోన్ చేస్తే "మీ నెట్ స్లో ఉన్నట్టుంది సార్" అన్నారు. నేను నమ్మి నెట్ ప్లాన్ పెంచమని యాజమాన్యానికి రాశాను, వారు పెంచారు కూడా, అయినా రిజిస్టర్లు ఎక్కలేదు. అప్పటికి మేము వాటిని పదేసి పేజీలుగా కోసి ఎక్కించే పద్ధతికి అలవాటు పడిపోయాము. ఇప్పుడు తలచుకుంటే, ఆ వింతలోనే జబ్బు మొత్తం రాసిపెట్టి ఉన్నది, చదవగలిగినవారు మాలో లేరు.

అసలు సంగతి కౌన్సెలింగ్ రోజుల్లో బయటపడింది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే పాత స్టడీ సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు ఆఫీసు ముందు వరుస కడతారు. ఎన్నో ఏళ్ళ కింద చదివిన తరగతి రికార్డు అడుగుతారు, అదీ ఆ రోజే కావాలంటారు. ఒక ఉదయం మా రికార్డు సెక్షన్ పెద్దాయన వచ్చి, "సార్, ఫైల్ ఉన్నట్టే చూపెడుతున్నది గని తెరుచుకుంటలేదు" అన్నారు. ఇంకొకటి చూస్తే అదీ అంతే. పాతవేవీ తెరుచుకోవడం లేదు, నిన్న మొన్న ఎక్కించినవి మాత్రం తెరుచుకుంటున్నాయి. కౌంటర్ దగ్గర ఒక తండ్రి, "అన్నీ కంప్యూటర్ల పెట్టినమంటిరి గద సార్, ఇప్పుడు లేదంటరేంది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

లాగ్‌లో 403 అని ఉన్నది, అంటే అనుమతి లేదని అర్థం. ఇక్కడే ఇంకొక ఉచ్చు ఉన్నది. బకెట్‌లోని జాబితాను చూసే అనుమతి లేని యూజర్ ఏదైనా ఫైలు అడిగితే, ఆ ఫైలు అసలు లేకపోయినా ఎస్3 'లేదు' అని చెప్పదు, 'అనుమతి లేదు' అనే చెబుతుంది. ఉన్నదో లేదో బయటివాడికి తెలియకూడదన్నది దాని న్యాయం, ఆ న్యాయం సబబే. మా కొత్త యూజర్‌కు జాబితా అనుమతి కూడా లేదు కాబట్టి, ఫైళ్ళు పోయాయా, ఉండి కూడా ఇవ్వడం లేదా అన్నది తేల్చుకోలేక సగం రోజు గడిచిపోయింది.

ఫైళ్ళు పోలేదు. బకెట్‌కు ప్రత్యేక ఎన్‌క్రిప్షన్ కీ, అంటే ఫైళ్ళను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే తాళం, పెట్టారు. అటువంటి బకెట్‌లో ఫైలు రాయాలంటే ఆ ఫైలుకు తాళం వేసే డేటా కీ పుట్టించే అనుమతి ఉండాలి, తిరిగి చదవాలంటే ఆ తాళం విప్పే డీక్రిప్ట్ అనుమతి ఉండాలి. చేత్తో రాసిన పాలసీలో మొదటిది ఉన్నది, రెండవది లేదు. అంటే మేము హుండీలో డబ్బులు వేసినట్టు ఫైళ్ళు వేస్తూ పోయాము, తీయడానికి తాళం చెవి లేదు. పెద్ద ఫైళ్ళు ఎక్కకపోవడానికీ కారణం ఇదే. పెద్ద ఫైలును కనెక్టర్ ముక్కలుగా పంపుతుంది, ఆ ముక్కలను కలిపే ముందు ఎస్3 వాటిని విప్పి చదవాలి, దానికీ డీక్రిప్ట్ అనుమతే కావాలి. పాపం, మా నెట్‌కు ఏ దోషమూ లేదు. పాలసీలో ఒక్క పదం చేర్చగానే పెద్దవీ పాతవీ అన్నీ పనిచేశాయి. ఎస్3 తనకు చెప్పిన పనిని తు.చ. తప్పకుండా చేసింది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

మరి ఇన్ని వారాలు ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, కనెక్టర్‌కు లోకల్ క్యాష్ ఉన్నది. ఎక్కించిన ప్రతి ఫైలు నకలు కొంతకాలం మా సర్వర్‌లోనే ఉంటుంది, అడిగితే అక్కడి నుంచే ఇస్తుంది. క్యాష్ నిండినప్పుడు పాతవాటిని తుడిచేసి కొత్తవాటికి చోటు చేస్తుంది. మేము ఎక్కించి, తెరిచి చూసుకుని, బాగున్నదని సంతోషించినవన్నీ మా గదిలోని డిస్కు నుంచి వచ్చినవే తప్ప ముంబయి నుంచి వచ్చినవి కావు. క్యాష్ తప్పని నేను అనడం లేదు, అది లేకపోతే సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. కానీ క్యాష్‌ను ఖాళీ చేసి ఒక పాత ఫైలును తెరిచి చూడని పరీక్షను పరీక్ష అని ఎవరైనా పిలిస్తే నేను ఒప్పుకోను. రెండు నిమిషాల పని అది. నలభై నిమిషాల్లో ఆ రెండు నిమిషాలు దొరకలేదు.

ఇక ఎక్కువమందికి అర్థం కాని విషయం, బకెట్‌లో ఉన్నవి ఫైళ్ళే కానీ రికార్డులు కావు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పినప్పుడు ప్రతి రాతి మీదా ఒక సంఖ్య వేశారు. ఏళ్ళ తరబడి ఆ రాళ్ళు గుడి పక్కన సంఖ్యలతో పడి ఉండడం మనమందరం చూశాము, 2024 మార్చిలో మండపం మళ్ళీ తెరుచుకున్నది. ఆ సంఖ్యల లెక్క పోయి ఉంటే రాళ్ళన్నీ ఉండి కూడా మండపం ఉండేది కాదు. బకెట్‌లో ఉన్నవి రాళ్ళు, లెక్క ఉన్నది సిస్టమ్ డేటాబేస్‌లో. ఫైళ్ళు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఎస్3ని ప్రధాన స్టోరేజ్‌గా పెట్టినప్పుడు దాని బకెట్ తెరిచి చూడండి, 'యుఆర్ఎన్:ఓఐడి:' అనే మాటా దాని పక్కన ఒక అంకే తప్ప ఎవరి పేరూ కనపడదు. మా బకెట్ కూడా అంతే. విద్యార్థి పేరు, సంవత్సరం, తరగతి అన్నీ హనుమకొండలోని సర్వర్‌లో ఉన్నాయి, దాని బ్యాకప్ అదే గదిలోని ఇంకొక డిస్కులో ఉన్నది. వరద భయంతో రాళ్ళను ముంబయికి పంపి, లెక్క పుస్తకాన్ని మాత్రం అదే కింది అంతస్తులో ఉంచాము.

ఇప్పుడు డేటాబేస్ బ్యాకప్ ప్రతి రాత్రి వేరే చోటికి వెళ్తున్నది. క్రమం కూడా ముఖ్యమే. మొదట డేటాబేస్, తరువాత బకెట్ నకలు తీయాలి. మా సిస్టమ్ ఒకసారి రాసిన ఫైలును మళ్ళీ మార్చదు కాబట్టి, ముందు తీసిన లెక్కలో ఉన్న ప్రతి ఫైలూ తరువాత తీసిన నకలులో తప్పక ఉంటుంది. తిరగేసి చేస్తే, లెక్కలో పేరుండి రాయి లేని ఖాళీలు మిగులుతాయి. తొలగించిన ఫైళ్ళను వెంటనే తుడవకుండా కొన్ని రోజులు ఆపి ఉంచడం కూడా అందుకే. బకెట్‌కు వెర్షనింగ్, అంటే ఫైలును మార్చినా తొలగించినా పాత ప్రతి మిగిలే ఏర్పాటు, కూడా నేనే పెట్టించాను.

ఖర్చు తగ్గుతుందని, తొంభై రోజులు దాటిన ఫైళ్ళను గ్లేసియర్‌కు (ఎస్3లో పాత ఫైళ్ళకు ఉన్న చవక నిల్వకు) పంపే నియమం పెడదామని ఆ సంస్థ ఈ మధ్యే సలహా ఇచ్చింది. చవకైన గ్లేసియర్ తరగతుల నుంచి మామూలు పద్ధతిలో ఫైలు వెనక్కి రావడానికి గంటలు పడుతుంది, వాటిలో అన్నిటికంటే చవకైన డీప్ ఆర్కైవ్ అయితే పన్నెండు గంటల దాకా. మా సిస్టమ్‌కు ఆ సంగతే తెలియదు, ఊరికే లోపం చూపిస్తుంది. స్కూలు రికార్డులో అందరూ అడిగేది పాతదే. ఆ సలహాను ఒక్క వాక్యంలో తిరస్కరించాను.

ఆ రూట్ కీలను మాత్రం ఎవరూ రద్దు చేయలేదని గత నెల తెలిసింది. నేనే రద్దు చేశాను. సాయంత్రంలోపు ఆ సంస్థ నుంచి ఫోన్ వచ్చింది, వారి నెలవారీ నివేదిక స్క్రిప్టు ఆగిపోయిందట, దానిలోనూ అవే కీలు వాడుతున్నారట.

వచ్చే నెల నిర్వహణ ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి. నేను చేర్చమన్నది ఒక్క షరతు: మూడు నెలలకొకసారి ఖాళీ సర్వర్ మీద బ్యాకప్ నుంచి డేటాబేస్ నిలబెట్టి, క్యాష్ ఏమీ లేకుండా, మా రికార్డు సెక్షన్ పెద్దాయన అడిగిన ఇరవై పాత రిజిస్టర్లను ఆయన ముందే తెరిచి చూపించాలి. దానికి విడిగా కొటేషన్ పంపుతామన్నారు.