వన్స్ మోర్ కేక తెర ముందే ఎందుకు?

2025 ఫిబ్రవరి 9, ఆదివారం. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ కాలిబాట మీద నిలబడి గిటారు వాయిస్తూ పాట మొదలుపెట్టాడు. కాసేపటికే ఒక పోలీసు వచ్చి మైకు వైరు పీకేశారు. ఆ రాత్రే వేల మంది జనం ముందు, పెద్ద వేదిక మీద, గాయని శిల్పారావుతో గొంతు కలిపి ఆయన ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’ పాడాడు. తెల్లవారేసరికి తెలుగువాళ్ల ఫోన్లన్నీ ఆ పాట వీడియోతో నిండిపోయాయి. అంతకు వారం ముందు, ఫిబ్రవరి 2న, ఆయన హైదరాబాద్‌లోనే కచేరీ చేసి వెళ్లాడు. మనవాళ్లు ఎక్కువగా చెప్పుకున్నది మాత్రం పక్క రాష్ట్రంలో పాడిన ఆ సినిమా పాట గురించే. అన్నట్టు, హైదరాబాద్ కచేరీ జరిగింది కూడా సినిమాలు తీసే చోటే, రామోజీ ఫిల్మ్ సిటీలో.

షీరన్‌ది రాక్ కాదు, పాప్ అని రాక్ అభిమానులు మూతి ముడుస్తారు. ముడవనివ్వండి. నేను అడుగుతున్నది వేరే. శని, ఆదివారాల్లో ఇంటి నుంచి బయటపడి, నలుగురి మధ్య నిలబడి గొంతు చించుకుని పాడాలన్న కోరిక తెలుగు యువతకు దండిగా ఉంది. ఆ కోరికంతా సినిమా హాల్లోనే ఎందుకు తీరుతోంది? సొంత పాట కట్టుకున్న బ్యాండు ముందు ఎందుకు తీరడం లేదు?

మనకు కచేరీల అలవాటు లేదనేవారికి పద్యనాటకాలు గుర్తులేనట్టే. పక్కన హార్మోనియం శ్రుతి అందిస్తుంటే నటుడు పద్యం చివర రాగం తీసేవాడు. జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక లేచేది. నాటకంలో చచ్చిపోయిన పాత్ర కూడా జనం కోరితే లేచి మళ్లీ పద్యం పాడి మళ్లీ చచ్చిపోయేదని పాతతరం నవ్వుతూ చెబుతుంది. 1932లో తెలుగు టాకీ వచ్చింది. నాటకాల కథలతో పాటు పద్యాలను, నటులను, ఆఖరికి ఆ కేకను కూడా తనతో తీసుకుపోయింది. ఊళ్లలో మిగిలింది ఆర్కెస్ట్రా. వినాయక చవితి పందిట్లోనైనా జాతరలోనైనా ఆర్కెస్ట్రా వారు పాడేది సినిమా పాటే. ‘అచ్చం రికార్డులాగే పాడాడు’ అన్నది అక్కడ దొరికే పెద్ద మెప్పు. రాక్ బ్యాండుకు ఆ మాట తిట్టుతో సమానం. సొంత పాట లేనివాణ్ని ఆ లోకం బ్యాండుగా లెక్కపెట్టదు. మన చెవి అలవాటు ఒక దారి, రాక్ కోరేది ఇంకో దారి.

రాక్ పిచ్చి ఉన్న తెలుగువాళ్లకు అప్పట్లో వారాంతమంటే రైలు ప్రయాణం. 2007 మార్చి 17న, శనివారం, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ బ్యాండు ఐరన్ మెయిడెన్ వాయించింది. 2011 అక్టోబర్ 30న, ఆదివారం, అదే నగరంలో అమెరికన్ బ్యాండు మెటాలికా వాయించింది. కాచిగూడ–యశ్వంత్‌పూర్ రైలెక్కి నల్ల టీషర్టులతో దిగడం, కచేరీ కాగానే రాత్రి బస్సు పట్టుకోవడం, సోమవారం బొంగురు గొంతుతో ఆఫీసులో కూర్చోవడం ఒక తరానికి బాగా తెలిసిన సంగతులు. ఇంజినీరింగ్ కాలేజీ వార్షికోత్సవాల్లో ఆ బ్యాండ్ల పాటలే వాయించిన కుర్రవాళ్లూ తక్కువేమీ కాదు. కాకపోతే నాలుగో ఏడాది పూర్తవగానే డ్రమ్మరు ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిపోతాడు, బ్యాండు కథ ముగుస్తుంది. మన రాక్ చరిత్రను చాలావరకు వీసాలే రాశాయి.

అయితే ఆ ఊపు ఎటూ పోలేదు, దారి మళ్లింది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని మళ్లీ వేశారు. అక్కడి నుంచి రీరిలీజుల వరస మొదలైంది. నాకు వాటిలో అన్నిటికంటే ఆసక్తిగా తోచింది 2023 మార్చిలో మళ్లీ వచ్చిన ‘ఆరెంజ్’. 2010లో విడుదలైనప్పుడు ఘోరంగా పోయిన సినిమా అది. పన్నెండేళ్లు దాటాక హాళ్లు నిండాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కథ కోసం రాలేదు, హారిస్ జయరాజ్ పాటల కోసం వచ్చారు. పాట మొదలవుతుందనగానే సగం హాలు కుర్చీలు వదిలేస్తుంది. ముందు వరసల వాళ్లు తెర కిందికి చేరి ఆడతారు, వెనుక ఫోన్ల లైట్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క మాట పొల్లుపోకుండా హాలంతా పాడుతుంది. గాయకుడి గొంతు జనం గొంతులో మునిగిపోతుంది. పాట అయిపోగానే ‘వన్స్ మోర్’. కొన్ని హాళ్లలో ఆపరేటరు నిజంగానే పాటను వెనక్కి తిప్పి మళ్లీ వేస్తాడు. నాటకాల నాటి కేక మళ్లీ పలికింది. అది విని లేచి పాడడానికి మాత్రం ఎదురుగా మనిషి లేడు.

బ్యాండు లేని రాక్ కచేరీ అంటే ఇదే. చవక కూడా. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 250. జీఎస్టీ కలిపితే 177, 295. ఇక బ్రిటిష్ బ్యాండు కోల్డ్‌ప్లే 2025 జనవరిలో నవీ ముంబయికి వచ్చినప్పుడు మామూలు అమ్మకంలో అన్నిటికంటే తక్కువ టికెట్టే 2,500. రైలు, బస, తిండి దానికి అదనం. అహ్మదాబాద్‌లో జనవరి 26న జరిగిన కచేరీని హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా చూపించారు. అంటే మన దగ్గర చాలామందికి అది కూడా తెర మీది బొమ్మే. స్టేడియంలో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు సైతం గాయకుణ్ని చూసింది పెద్ద ఎల్ఈడీ తెర మీదే కదా!

ఇంతలో సినిమా టికెట్టు కచేరీ టికెట్టు వెంట పరుగెడుతోంది. 2024 డిసెంబర్ 4న ‘పుష్ప 2’ రాత్రి తొమ్మిదిన్నర ఆటకు తెలంగాణలో మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోనిచ్చారు. వెయ్యి దాటిన టికెట్టు కొన్నవాడు సినిమా చూసి రావడానికి వెళ్లడు, ఊగిపోవడానికే వెళతాడు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. తప్పెవరిదో కోర్టులు తేలుస్తాయి. కంటికి కనిపించే సంగతి ఒకటుంది. బారికేడ్లు, వేర్వేరు ద్వారాలు, అడుగడుగునా వాలంటీర్లు ఉంటే తప్ప అదుపులో ఉండని జనాన్ని, సీట్ల లెక్క ప్రకారం కట్టిన పాత హాలు ముందుకు రప్పించాం. ధర కచేరీది, ఏర్పాట్లు సినిమా హాలువి.

సినిమా అండ లేకుండా తెలుగు నేల మీద వేలమందిని నిలబెట్టిన పాట లేదా అంటే, ఉంది. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెలతో గద్దర్ నిలబెట్టారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు నిలబెట్టాయి. వ్యవస్థ మీద కోపం, ఒంటి ఊపు, జనం చేత పలికించే పల్లవి, ఇలా రాక్ అభిమానులు గొప్పగా చెప్పుకునే లక్షణాలన్నీ అక్కడున్నాయి. ఆ వేదికలను నడిపింది ఉద్యమాలు, పార్టీలు. ఉద్యమ వేడి తగ్గాక పాటగాళ్లలో చాలామందికి సినిమాయే దారి చూపింది. 2023 ఆగస్టులో గద్దర్ కన్నుమూశారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరును సినిమా అవార్డులకు పెట్టి, 2025 జూన్‌లో వాటిని అందజేసింది. గౌరవించాలనే పెట్టారు, అనుమానం లేదు. కానీ జీవితమంతా వేదిక మీద పాడిన మనిషి పేరు చివరికి వెండితెరకు చేరడం చూస్తే, మన ఊహలో పాటకు ఇంకో చిరునామా లేదని అర్థమవుతుంది.

మనకు లేనిది మధ్య మెట్టు. ఒక వైపు స్టేడియం, మరో వైపు పబ్బు. పబ్బులో బ్యాండు సొంత పాట ఎత్తుకుంటే మూడో నిమిషంలో ఏదో ఒక టేబుల్ నుంచి సినిమా పాట ఫర్మాయిష్ వస్తుంది. పైగా మద్యం అమ్మే చోట ఇంటర్ చదివే పిల్లలకు స్థానం లేదు. కొత్త సంగీతానికి మొదటి శ్రోతలు మాత్రం ఆ వయసువాళ్లే. రెండు మూడు వందల మంది పట్టే హాలు, జేబు ఖర్చుకు అందే టికెట్టు కావాలి. పన్ను చట్టమే ఇక్కడ కాస్త దయ చూపింది. టికెట్టు 500 రూపాయలు దాటకపోతే సంగీత కచేరీకి జీఎస్టీ లేదు. వంద దాటిన సినిమా టికెట్టుకేమో 18 శాతం. ఈ వెసులుబాటును వాడుకునే హాలే కరవు.

నిజానికి హాళ్లున్నాయి, ఖాళీగా ఉన్నాయి. ఒక పక్క ఎన్నికలు, ఐపీఎల్ ఉండడంతో, మరో పక్క పెద్ద సినిమాలు లేకపోవడంతో 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు పది రోజులు ఆటలు ఆపేశారు. చాలా ఊళ్లలో పాత థియేటర్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి. ఒకప్పుడు మార్నింగ్ షోకు తక్కువ ధరకు పాత సినిమాలో ఇంగ్లీషు సినిమాలో వేసేవారు. రెగ్యులర్ ఆటలకు రాని రకం ప్రేక్షకుడు ఆ పూట వచ్చేవాడు. ఆదివారం ఉదయం పదిన్నరకు ఆ ఆటను బ్యాండ్లకు ఇస్తే? పగటి పూట, నాలుగు గోడల మధ్య జరిగే కార్యక్రమం కాబట్టి రాత్రి పదింటికి మైకు ఆపాలన్న శబ్ద నియమం అడ్డురాదు. మధ్యాహ్నం మ్యాట్నీకి హాలు తిరిగి సినిమాకు సిద్ధమవుతుంది. అదే కుర్రవాడు బయట బిర్యానీ తిని వచ్చి అదే హాల్లో సినిమా చూస్తాడు, క్యాంటీన్‌కు రెండు బేరాలు.

చిక్కులు లేకపోలేదు. తెర ముందు జాగా ఇరుకు, డ్రమ్స్ సెట్టు పెట్టాలంటే ముందు రెండు వరసల కుర్చీలు తీయాలి. స్పీకర్లు తెర వెనుక ఉంటాయి, బ్యాండు తన సౌండ్ తానే తెచ్చుకోవాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు కాగితాలతోనే. థియేటర్ లైసెన్సు సినిమా ప్రదర్శనకు ఇచ్చింది. కచేరీ పెట్టాలంటే ప్రతిసారీ వేరే అనుమతుల కోసం కాళ్లరిగేలా తిరగాలి. రెండు వందల మంది వచ్చే కార్యక్రమానికి అంత ఓపిక ఏ యజమానికి ఉంటుంది? పెద్ద హీరోల సినిమాలకు ధర పెంచుకోవడానికి రాత్రికి రాత్రి జీవోలు ఇచ్చిన ప్రభుత్వం, ఆదివారం ఉదయం ఆటకు బ్యాండును పిలుచుకోవచ్చని ఒక్క జీవో ఇస్తే ఖజానాకు పైసా ఖర్చు లేదు.